కాగితపు కవచం: కత్తెర కంటే ముందు కొలత టేపు

కాగితం మడిచి ఒంటికి తొడుక్కునే కవచం చేయడం గురించి కిందటి నెల రాసినప్పటి నుంచి ఉత్తరాలు, మెయిళ్ళు వస్తూనే ఉన్నాయి. చాలామంది అప్పుడే మొదలుపెట్టేశారు, కొందరు సగం చేసి ఆపేశారు. ఆపేసినవాళ్ళ బాధ దాదాపు ఒకటే: ఒంటికి పట్టలేదు, లేదంటే పట్టింది గానీ వంకరైంది. కొలతలు తీసుకోకుండా ప్రింటు కొట్టడం వల్ల మొదటిది వస్తుంది, లోపల ఆధారం పెట్టకుండా తడిపేయడం వల్ల రెండోది వస్తుంది. ఈసారి ఆ రెండింటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం కాస్త వివరం. కంప్యూటర్లో ఉన్న త్రీడీ ఆకారాన్ని విప్పి చదును ముక్కలుగా మారుస్తారు (ఈ ముక్కల నమూనానే టెంప్లేట్ అంటారు), వాటిని మందపాటి కాగితం మీద ప్రింటు తీసి, కత్తిరించి, గీతల మీద మడిచి, అంచులు అంటిస్తే మళ్ళీ అదే ఆకారం నిలబడుతుంది. ఇందుకు వాడే సాఫ్ట్‌వేర్లలో బాగా తెలిసింది పెపకురా డిజైనర్, జపాన్‌కి చెందిన తమా సాఫ్ట్‌వేర్ వాళ్ళది. హాలో అనే వీడియో గేమ్ అభిమానులు అందులోని సైనికుడి కవచాన్ని ఇలా కాగితంతో చేసి, రెజిన్ అనే గట్టిపడే జిగట ద్రవం పూసి గట్టిపరిచి తొడుక్కోవడం మొదలుపెట్టాక ఈ పద్ధతి చాలా దేశాలకి పాకింది.

నెట్‌లో దొరికిన హెల్మెట్ టెంప్లేట్ 22 పేజీలు ప్రింటు తీసి, ఎంతో ఓపికగా చేశాను. తీరా చూస్తే నా తల దూరడం లేదు, ఎనిమిదో తరగతి చదివే మా తమ్ముడికి మాత్రం సరిపోయింది. తప్పు టెంప్లేట్‌దా, నాదా?
— ఆర్. కె., హనుమకొండ

ముందు ప్రింటరు సెట్టింగు చూడండి. ఇలాంటి టెంప్లేట్లు చాలావరకు అమెరికాలో వాడే లెటర్ సైజు కాగితానికి తయారైనవి. దాని వెడల్పు 21.6 సెంటీమీటర్లు, మన ఏ4 వెడల్పు 21 సెంటీమీటర్లు. ప్రింటు ఇచ్చేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ అని టిక్ ఉంటే కంప్యూటరు బొమ్మను ఏ4లో పట్టేలా దాదాపు 3 శాతం కుదించేస్తుంది. 3 శాతమే కదా అనిపిస్తుంది గానీ, 32 సెంటీమీటర్ల హెల్మెట్లో అది దగ్గర దగ్గర ఒక సెంటీమీటరు, అంటే చెవులు పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య ఉన్న తేడా. ‘యాక్చువల్ సైజ్’ లేదా 100 శాతం అని పెట్టి, ముందు ఒక్క పేజీ తీసి, అందులో ఒక పొడవైన అంచును స్కేలుతో కొలిచి, సాఫ్ట్‌వేర్లో కనిపించే కొలతతో సరిచూసుకున్నాకే మిగతావి తీయండి. జిరాక్స్ షాపులో ఇస్తుంటే ఈ మాట షాపతనికి గట్టిగా చెప్పాలి, చెప్పకపోతే ఆయన అలవాటు ప్రకారం ఫిట్ పెట్టేస్తారు.

ఇక కొలత విషయం. అందరూ టేపు తీసుకుని తల చుట్టుకొలత చూస్తారు, టోపీకి అది చాలు గానీ హెల్మెట్‌కి చాలదు. మీకు కావాల్సినవి వెడల్పు, లోతు. గోడకి ఆనుకుని కూర్చుని, చెవుల పైభాగాన రెండు పక్కలా రెండు అట్ట పుస్తకాలు నిటారుగా ఆనించి, వాటి మధ్య దూరం ఇంట్లో ఎవరినైనా కొలవమనండి, అది వెడల్పు. తల వెనకభాగం గోడకి ఆనించి, ముక్కు కొసకి పుస్తకం తాకించి గోడ నుంచి కొలిస్తే లోతు. ఉదాహరణకి మీ తల వెడల్పు 15.5 సెంటీమీటర్లు అనుకోండి. లోపల స్పాంజి, గట్టిపరిచే పొర, కాస్త గాలి ఆడే ఖాళీ, అన్నీ కలిపి ఒక్కో పక్క 2.5 వేసుకుంటే 20.5 కావాలి. టెంప్లేట్లో ఆ చోట వెడల్పు 19 ఉంటే 20.5ని 19తో భాగించండి, 1.08 వస్తుంది, అంటే 108 శాతానికి పెంచాలి. లోతుకి కూడా ఇలాగే లెక్కేసి రెండింటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోండి. పెంచితే కాగితాలూ పెరుగుతాయని గుర్తుంచుకోండి: పొడవు 8 శాతం పెరిగితే విస్తీర్ణం దాదాపు 17 శాతం పెరుగుతుంది, మీ 22 పేజీలు 26 దాకా వెళ్తాయి.

ఇంకొకటి, లోపల తల పట్టడం వేరు, మెడ దగ్గరి రంధ్రంలోంచి తల దూరడం వేరు. గేముల్లో, కామిక్స్‌లో హెల్మెట్లు గీసేవాళ్ళు మెడ దగ్గర బాగా సన్నగా గీస్తారు, వాళ్ళ పాత్ర దాన్ని విప్పాల్సిన అవసరం లేదు కదా. ఆ రంధ్రం మీ తల లోతు కంటే చిన్నదైతే సైజు పెంచుకుంటూ పోకండి, అలా పోతే చివరికి ఒంటి మీద గుమ్మడికాయ పెట్టినట్టు తయారవుతుంది. వెనకభాగాన్నో, దవడ భాగాన్నో విడిగా చేసి అయస్కాంతాలతో తగిలించుకునేలా మార్చండి.

మిగతా ఒంటి ముక్కలకి కూడా ఇదే పద్ధతి. ‘నా ఎత్తు అయిదడుగుల అయిదు, టెంప్లేట్ ఆరడుగుల మనిషిది, కాబట్టి అన్నీ 90 శాతం’ అని ఒకే లెక్క వేయకండి. పొట్టిగా ఉన్నంత మాత్రాన పిక్కలు సన్నగా ఉండవు. ప్రతి ముక్కకీ పొడవు, చుట్టుకొలత విడివిడిగా చూసుకోవాలి. ముంజేతి ముక్కకైతే మణికట్టు కాదు, పిడికిలి చుట్టుకొలత తీసుకోండి, చేయి దూరాల్సింది అందులోంచే.

ఏ కాగితం కొనాలి? ఫెవికాల్ వాడొచ్చా?
— పి. లత, కాకినాడ

మామూలు జిరాక్స్ కాగితం 70, 75, 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని) ఉంటుంది, అది పనికిరాదు. 200 నుంచి 250 జీఎస్ఎం కార్డు కాగితం తీసుకోండి. 300 అయితే ఇంటి ప్రింటర్లు చాలా వాటిలో ఇరుక్కుంటుంది, పైగా చిన్న మడతలు నలిగిపోతాయి. మెరుపు పూత ఉన్న కాగితం వద్దు, జిగురు పట్టదు, తర్వాత రంగూ పట్టదు.

ఫెవికాల్ వాడొచ్చు, పలచగా. అగ్గిపుల్లతోనో టూత్‌పిక్‌తోనో అంచు మీద సన్నగా రాసి అర నిమిషం ఆగి అంటించండి, ఎక్కువ పూస్తే కాగితం నీరు పీల్చి ముడత పడుతుంది. ఇంక్‌జెట్ ప్రింటయితే తడికి రంగు అంటుకుంటుంది, ఖంగారు పడక్కర్లేదు, పైన ఎలాగూ పెయింటు వస్తుంది. చేత్తో పట్టుకుని కూర్చోలేని చిన్న మూలలకి ఫెవిక్విక్ చుక్క చాలు, అయితే ఆ చుక్కను దూదితోగానీ నూలు గుడ్డతోగానీ తుడవకండి. నూలు తగిలితే అది ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలుతుంది. గ్లూ స్టిక్ మాత్రం వద్దు, వారం తిరిగేసరికి విడిపోతుంది.

మడత గీతల మీద బ్లేడు పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది మానేయండి. సిరా అయిపోయిన బాల్‌పెన్ను రీఫిల్, స్టీలు స్కేలు తీసుకుని గీత మీద నొక్కి లాగితే కాగితం తెగకుండా చక్కగా మడత పడుతుంది. చాలా టెంప్లేట్లలో వట్టి గీత ముక్కలుంటే మడత పైకి, గీత చుక్క గీత చుక్క ఉంటే లోపలికి. మీ టెంప్లేట్లో ఎలా ఉందో మొదట ఒక చిన్న ముక్కతో సరిచూసుకోండి. అంచుల మీద ఉండే అంకెలు జతలు జతలుగా ఉంటాయి, 47 అని ఉన్న అంచు ఇంకో 47కే అంటుతుంది. కంప్యూటర్లో త్రీడీ బొమ్మను పక్కనే తెరిచి పెట్టుకోండి, ఒక ముక్క మీద క్లిక్ చేస్తే అది బొమ్మలో ఎక్కడుందో చూపిస్తుంది.

హెల్మెట్ కాగితం దశలో చూడముచ్చటగా వచ్చింది. లోపల రెజిన్ పూసి ఆరబెట్టాక కుడివైపు కిందికి వాలిపోయింది, మెడ రంధ్రం కోడిగుడ్డులా సాగింది. దీన్ని బాగుచేసే దారి ఉందా?
— ఎమ్. వి., విశాఖపట్నం

ఉత్తరం చదివి బాధనిపించింది, ఎందుకంటే మీరు కష్టమైన పనంతా సరిగ్గా చేశారు. రెజిన్ గట్టిపడిపోయింది కాబట్టి వెనక్కి తీసుకురాలేం. మెడ రంధ్రం దగ్గర వంకరపోయిన భాగాన్ని చిన్న రంపంతో నాలుగైదు చోట్ల నిలువుగా కోసి, సరైన ఆకారానికి లాగి, లోపల అడ్డంగా పుల్లలు బిగించి, ఆ చీలికల మీద మళ్ళీ ఫైబర్ మ్యాట్ (గాజుపీచు గుడ్డ) ముక్కలు వేసి పూస్తే చాలావరకు దారికొస్తుంది. వాలు అరసెంటీమీటరు లోపు ఉంటే కొయ్యకండి, పైన లప్పం పెట్టి అరగదీసేటప్పుడు సరిచేసుకోవచ్చు.

ఇంకోసారి చేసేటప్పుడు ఇలా జరగకూడదంటే కారణం తెలియాలి. కాగితం హెల్మెట్ పైభాగం మూసుకుని ఉంటుంది కాబట్టి దాని ఆకారం అది నిలుపుకుంటుంది. కింద మెడ దగ్గర తెరిచి ఉంటుంది, అక్కడ పట్టి ఉంచేది ఏమీ లేదు. రెజిన్ పూయగానే కాగితం నాని మెత్తబడుతుంది, దాని బరువుకి అదే జారుతుంది. కాబట్టి ఒక్క చుక్క పూయకముందే లోపల ఆధారాలు పెట్టాలి. అట్టపెట్టె అట్టని పట్టీలుగా కోసి, ఎడమ అంచు నుంచి కుడి అంచుకి, ముందు నుంచి వెనక్కి అడ్డంగా అంటించండి. వాటి పొడవు మీ ఇష్టం కాదు, త్రీడీ బొమ్మలో ఆ రెండు అంచుల మధ్య ఎంత దూరం ఉందో అంతే ఉండాలి. చాలామంది ఇక్కడ కంటికి బాగానే ఉందని వదిలేస్తారు. కన్ను నమ్మదగింది కాదు, స్కేలునే నమ్మండి.

పూసే పద్ధతి కూడా ముఖ్యం. మొదటి పొర బయటి వైపు, బాగా పలచగా, బ్రష్షుతో. అది పూర్తిగా గట్టిపడ్డాక లోపలివైపు. ఆ తర్వాతే ఫైబర్ మ్యాట్ ముక్కలు. మొదటిసారే లోపల మ్యాట్ వేసి ముద్దగా పూస్తే ఇలాగే వాలుతుంది. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి వానాకాలంలో కాగితం దశని రోజుల తరబడి బయట వదిలేయకండి, పాలిథిన్ సంచిలో మూసి పెట్టుకోండి.

అంటించేటప్పుడు కూడా వంకర రావచ్చు. ఎడమ సగం మొత్తం పూర్తిచేసి, తర్వాత కుడి సగం చేస్తే రెండూ కలిసే చోట రెండు మిల్లీమీటర్లు తేడా తేలుతుంది, దాన్ని బలవంతంగా కలిపితే ముఖం తిరిగిపోతుంది. ముఖం మధ్యలో మొదలుపెట్టి, ఎడమ ఒక ముక్క, కుడి ఒక ముక్క చొప్పున వెనక్కి వెళ్ళండి. తేడా మిగిలినా వెనకభాగంలో మిగులుతుంది.

మా బాబుకి పదకొండేళ్ళు. వాడికి ఈ పిచ్చి పట్టింది. వీడియోల్లో ఏదో రసాయనం పూస్తున్నారు, చూస్తే టెన్షన్‌గా ఉంది. ఇంట్లో చేయనివ్వొచ్చా?
— ఒక తల్లి, గుంటూరు

కాగితం పని నిశ్చింతగా చేయనివ్వండమ్మా. కట్టర్ వాడే చోట పక్కన కూర్చోండి, మిగతాది వాడికే వదిలేయండి. రెజిన్ మాత్రం వాడి చేతికి ఇవ్వకండి, ఇంట్లో కూడా వద్దు. ఆ వీడియోల్లో వాడేది చాలావరకు పాలియెస్టర్ రెజిన్. అందులోంచి వచ్చే స్టైరీన్ ఆవిరి కళ్ళు మండిస్తుంది, తల తిప్పుతుంది. గుడ్డ మాస్కుగానీ ఎన్95గానీ దుమ్మును ఆపుతాయి, ఈ ఆవిరిని ఆపలేవు. దానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, అది పెద్దవాళ్ళ ముఖానికి సరిపోయేలా చేసిన వస్తువు. బాల్కనీలో తలుపేసుకుని చేస్తాం అంటారు కొందరు, ఆ వాసన కిటికీల్లోంచి లోపలికీ, పక్కింటికీ వెళ్తుంది.

ఇది చదివే పెద్దవాళ్ళకి కూడా చెబుతున్నాను. రెజిన్ గట్టిపడటానికి కలిపే హార్డెనర్ 100 గ్రాముల రెజిన్‌కి 1 నుంచి 2 గ్రాములు మాత్రమే, మన ఎండాకాలంలో తక్కువ వైపే ఉండండి. ఎక్కువ వేసి గిన్నెలో పెద్ద ముద్దగా కలిపితే అది వేడెక్కి పొగలు కక్కుతుంది. కొనేటప్పుడు కోబాల్ట్ యాక్సిలరేటర్ (గట్టిపడటాన్ని వేగం చేసే రసాయనం) ముందే కలిపిన రెజిన్ అడగండి. విడిగా ఇస్తే మాత్రం హార్డెనర్, కోబాల్ట్ ఒకదాంట్లో ఒకటి నేరుగా ఎప్పుడూ కలపకూడదు, పేలే ప్రమాదం ఉంది. రెండు సీసాలూ దూరం దూరంగా పెట్టండి.

బాబుకి వేరే దారి ఉంది. ఫెవికాల్‌లో సగం నీళ్ళు కలిపి, పాత దినపత్రిక పీలికలు ముంచి, లోపలివైపు ఒక్కో పొర వేసుకుంటూ రావాలి. ఒకేసారి మొత్తం తడపకూడదు, అరచేయంత చోట వేసి, ఆరాక పక్క చోటికి వెళ్ళాలి. ఆధారం పట్టీలు ఇక్కడా తప్పనిసరి. నాలుగైదు పొరలయ్యేసరికి పిల్లలు తొడుక్కుని ఆడుకునేంత గట్టిగా వస్తుంది. మన ఇళ్ళల్లో నానబెట్టిన కాగితంలో మెంతిపిండి కలిపి రుబ్బి, గిన్నెల మీద పూసి బుట్టలు చేసేవాళ్ళు, మీ అమ్మగారికో అత్తగారికో ఆ పని తెలిసే ఉంటుంది. వాళ్ళని పిలిచి బాబు పక్కన కూర్చోబెట్టండి.

మా స్కూలు వార్షికోత్సవానికి కర్ణుడి నాటకం వేస్తున్నాం. కవచకుండలాలు దానం చేసే సీను ఉంది. కర్ణుడి కవచానికి టెంప్లేట్ ఎక్కడా దొరకలేదు. ఎలా చేయాలి?
— ఒక తెలుగు ఉపాధ్యాయుడు, నల్గొండ

ఈ ప్రశ్న వచ్చినందుకు చాలా సంతోషమండీ. నెట్‌లో దొరికేవన్నీ అంతరిక్ష సైనికులవీ, సమురాయ్‌లవీ. మన పాత్రలకి టెంప్లేట్లు మనమే గీసుకోవాలి, అది అనుకున్నంత కష్టం కాదు.

కర్ణుడు వేసే పిల్లవాడికి పాత టీషర్టు తొడిగి, దాని మీద వంటింట్లో వాడే క్లింగ్ ఫిల్మ్ ఛాతీ చుట్టూ వదులుగా చుట్టండి, మెడ దగ్గరికి రానీయకండి. దాని మీద మాస్కింగ్ టేపు ముక్కలు అతికించి అంతా కప్పండి, పిల్లవాడు మామూలుగా ఊపిరి పీలుస్తూ నిలబడాలి. ఇప్పుడు ఆ టేపు మీదే స్కెచ్ పెన్నుతో కవచం గీయండి: ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, సూర్యబింబం ఎక్కడ. మధ్యలో నిలువు గీత, పక్కల గీతలు, ఛాతీ ఎత్తుగా ఉన్న చోట చిన్న కోణాలు. ముక్కలకి అంకెలు వేయండి. వెనకవైపు నుంచి జాగ్రత్తగా కత్తిరించి తీసేసి, గీతల వెంబడి ముక్కలు చేసి, నేల మీద పరిచి చదును చేయండి. ఏ ముక్కయినా చదునుగా పడుకోకుండా లేస్తుంటే అక్కడ ఇంకో గాటు కావాలన్నమాట. చదునైన ఆ ముక్కలే మీ టెంప్లేట్. వాటిని కార్డు మీద గీసి, చుట్టూ ఒక సెంటీమీటరు అంటించే అంచు వదిలి కత్తిరించండి. ఇలా చేస్తే ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, ఆ పిల్లవాడి ఒంటికి అతికినట్టు వస్తుంది.

పద్యనాటకాల్లో భుజకీర్తులు ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? చేయి పైకెత్తి పద్యం పాడినా అవి మెడకి గుచ్చుకోకుండా భుజం మీద ఒక్క చోటే కుట్టి వదిలేస్తారు. మీరూ భుజం ముక్కల్ని ఛాతీ ముక్కకి గట్టిగా అంటించకండి, నాడాతో వేలాడదీయండి.

అసలు కష్టం దానం సీనులో ఉంది. సహజ కవచం కదా, ప్రేక్షకులకి తాళ్ళు, బకిళ్ళు కనిపించకూడదు, కానీ కర్ణుడు కత్తితో ఒలిచినట్టు చేయగానే ఊడి రావాలి. వెల్‌క్రో పెడితే చర్రుమని చప్పుడు వస్తుంది, కాలర్ మైకు దాన్ని హాలంతా వినిపిస్తుంది. పిల్లవాడు లోపల వేసుకునే ఒంటిరంగు బనియన్ మీద చిన్న అయస్కాంతాలు గుడ్డలో పెట్టి కుట్టించండి, కవచం లోపలివైపు వాటికి ఎదురుగా ఇనుప రేకు ముక్కలు అంటించండి. ముందు పలక ఒక్కటే ఊడాలి, వెనక పలక అవసరం లేదు, అంగవస్త్రం కప్పేస్తుంది. ఊడిన పలక ఇంద్రుడి చేతికి వెళ్తుంది కాబట్టి దాని లోపలివైపు ఎర్ర రంగు వేయండి, వెనక బెంచీ వాళ్ళకి కూడా ఒలిచి ఇచ్చినట్టే కనిపిస్తుంది. రిహార్సల్‌లో ఆ ఒక్క సీను మళ్ళీ మళ్ళీ చేయించండి, ఏ వైపు నుంచి లాగాలో పిల్లవాడి చేతికి అలవాటు కావాలి.

నున్నగా చేయడానికి కారు షెడ్డులో వాడే లప్పం పిల్లలున్న చోట వద్దు. చేర్యాల మాస్కులు, కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళు చింతగింజల ముద్దలో రంపపుపొట్టు కలిపి వాడతారు, కొండపల్లిలో దాన్ని మక్కు అంటారు. గింజలు నానబెట్టి, రుబ్బి, చిక్కగా ఉడికించి, జల్లించిన పొట్టు కలిపి పలచగా పూయండి. మందంగా పూస్తే పగుళ్ళిస్తుంది. నీడలో ఆరబెట్టి, సన్న ఉప్పుకాగితంతో రుద్దితే బంగారు రంగు చక్కగా పడుతుంది. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసే అలవాటు కొందరికి ఉంది, అది విషం, పిల్లల ముఖానికి దగ్గరగా ఉండే వస్తువులో వేయకండి.

కాగితం, రెజిన్ గొడవ లేకుండా అదే టెంప్లేట్‌తో ఫోమ్‌లో చేసేయొచ్చా?
— కె. వి. ఎస్., తిరుపతి

చేయొచ్చు, ఛాతీకీ కాళ్ళకీ నేనైతే ఫోమే వాడమంటాను. వంగుతుంది, తేలిక, కిందపడినా పగలదు. పిల్లల గదుల్లో పరిచే పజిల్ మ్యాటుల్లో ఉండేది చాలావరకు ఈవా ఫోమే. అయితే కాగితం టెంప్లేట్‌ని ఉన్నదున్నట్టు వాడకండి. అంటించే నాలుకలన్నీ తీసేయాలి, ఫోమ్ అంచుకి అంచు ఆనించి అంటిస్తాం. పక్కపక్కనే ఉన్న చిన్న చిన్న మడతల్ని కలిపి ఒకే పెద్ద ముక్కగా చేసుకోవాలి, వంపు హీట్ గన్‌తో (వేడిగాలి చిమ్మే పరికరం) తెప్పించొచ్చు. ఫోమ్ మందం లోపలి ఖాళీని తినేస్తుంది, 10 మిల్లీమీటర్ల ఫోమ్ అయితే రెండు పక్కలా కలిపి 2 సెంటీమీటర్లు పోతుంది, సైజు పెంచేటప్పుడు అది కలుపుకోండి. జిగురు చెప్పులవాళ్ళు వాడే రబ్బరు సొల్యూషన్ రకం: రెండు అంచులకీ రాసి, చేతికి అంటనంత ఆరాక, ఒక్కసారి కలిపితే ఇక కదలదు. రంగు వేసే ముందు హీట్ గన్ తిప్పి పైపొర మూసుకునేలా చేసి, నీళ్ళు కలిపిన ఫెవికాల్ మూడు నాలుగు పూతలు వేయండి, లేకపోతే ఫోమ్ రంగంతా పీల్చేస్తుంది.

సూదిగా, చిన్న చిన్న కోణాలతో ఉండే హెల్మెట్‌కి మాత్రం కాగితానికి సాటి లేదు.

కాగితంతో నిజంగా యుద్ధకవచం ఎవరైనా చేశారా, లేక ఇదంతా వేషాల వరకేనా?
— ఎన్. రఘు, ఖమ్మం

చేశారు. చైనాలో టాంగ్ రాజవంశ కాలంలో, 9వ శతాబ్దంలో, షు షాంగ్ అనే అధికారి కాగితాన్ని మడతలు మడతలుగా పెట్టి కవచాలు చేయించాడనీ, బలమైన బాణాలు కూడా వాటిని చీల్చలేకపోయాయనీ ఆ రాజవంశ చరిత్రలో రాసి ఉంది. తర్వాతి రాజవంశాల కాలంలోనూ అక్కడ కాగితపు కవచాలు వాడారు. ఇనుము కంటే తేలిక, చవక, తుప్పు పట్టదు. కిటుకు మందంలో ఉంది, ఒక్క పొరని బాణం చీలుస్తుంది, దగ్గర దగ్గరగా మడిచి కుట్టిన ఎన్నో పొరల్లో దాని ఊపు చచ్చిపోతుంది. మనం చేసేది అలాంటిది కాదు, లోపల ఖాళీగా ఉండే పెంకు. దాన్ని తొడుక్కుని స్నేహితులతో కర్రలతో కొట్టుకుని పరీక్షించవద్దని కాలేజీ పిల్లలకి గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు వచ్చేశాయి కదా, ఇంకా కాగితం ఎందుకు?
— డి. ప్రసాద్, డల్లాస్

ప్రింటరు ఉంటే వాడండి, తప్పేం లేదు. కానీ పెద్దవాళ్ళ హెల్మెట్ ఇంటి ప్రింటర్లో అచ్చు కావడానికి ఒక రోజు పైనే పడుతుంది, సైజు తప్పైతే ఆ ప్లాస్టిక్కంతా వృథా. అందుకే ముందు అదే ఆకారాన్ని కాగితంతో చేసి, తలకి పెట్టుకుని చూసుకుని, సరిపోయాక అచ్చుకి ఇవ్వండి. పెపకురా డిజైనర్ విండోస్‌లోనే నడుస్తుంది. మీ దగ్గర వేరే కంప్యూటర్ ఉంటే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్లో పేపర్ మోడల్ యాడ్-ఆన్ ఉంది, బ్లెండరూ ఆ యాడ్-ఆనూ రెండూ ఉచితమే. గేముల్లోంచి తీసిన ఆకారాల్లో వేల ముఖాలు, అంటే చిన్న చిన్న చదును పలకలు ఉంటాయి, విప్పే ముందు బ్లెండర్‌లోని డెసిమేట్ సాధనంతో వాటిని కొన్ని వందలకి తగ్గించుకోండి, లేకపోతే గోరంత ముక్కలు అంటిస్తూ కూర్చోవాలి.

మొదటిసారి హైదరాబాద్ కామిక్ కాన్‌కి (కామిక్స్ అభిమానుల వేడుకకి) పూర్తి కవచంతో వెళ్దామనుకుంటున్నాను. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఎస్., కూకట్‌పల్లి

ముందు ఇంట్లో మొత్తం తొడుక్కుని ఒక గంట తిరగండి. కుర్చీలో కూర్చోండి, మెట్లెక్కండి, కింద పడిన ఫోను తీయండి, నీళ్ళు తాగండి. వీటిలో ఏది చేయలేకపోతే అక్కడ ముక్కని కోసి తగ్గించండి, అందం పోతుందని వెనకాడకండి. మోకాలి వెనక, మోచేతి లోపల, చంకల దగ్గర కవచం ఉండకూడదు, ఆ చోట్ల నల్లటి బిగుతు బట్ట కనిపిస్తే చాలు. తొడ ముక్కలు జారకుండా నడుము బెల్టుకి నైలాన్ పట్టీతో వేలాడదీయండి. పట్టీలు, బకిళ్ళు బ్యాగులు రిపేరు చేసే షాపులో చవగ్గా దొరుకుతాయి.

హెల్మెట్లో వేడి, ఊపిరికి అద్దం మసకబారడం, ఈ రెండే మనిషిని బయటికి పంపేసేవి. 5 వోల్టుల చిన్న కంప్యూటర్ ఫ్యాన్ రెండు తీసుకుని, ఒకటి గాలి లోపలికి నుదుటి వైపు, ఒకటి బయటికి దవడ వైపు పెట్టి, పవర్ బ్యాంకుకి కలపండి. పవర్ బ్యాంకు తలలో పెట్టకండి, వైరు వీపు మీదుగా నడుముకి తెచ్చుకోండి. అద్దం కోసం బైకు హెల్మెట్ల రంగు వైజర్ బాగా పనికొస్తుంది, అయితే కింద నేల కనిపించదు కాబట్టి పక్కన ఒక స్నేహితుడు ఉండాలి. ఫోటోలు తీసేది, నీళ్ళు ఇచ్చేది, జనంలో దారి చూపేది అతనే. గ్లూ గన్, వెల్‌క్రో ముక్కలు, నల్ల టేపు అతని సంచిలో ఉండాలి. ఆయుధం బొమ్మ చేసుకుంటే లోహం వాడకండి, ఆ ఏడాది నిర్వాహకులు ఇచ్చిన నియమాలు ముందే చదువుకోండి.

వేరేవాళ్ళు నెట్‌లో ఉచితంగా పెట్టిన టెంప్లేట్‌తో చేసి అమ్మొచ్చా?
— పేరు వద్దన్నారు, నెల్లూరు

వాళ్ళని అడగకుండా అమ్మకండి. ఉచితంగా పెట్టారంటే మీకోసం చేసుకోమని, వ్యాపారం చేసుకోమని కాదు. మెయిల్ పెట్టి అడిగితే ఒప్పుకునేవాళ్ళు కూడా ఉంటారు.

పూర్తయిన కవచాన్ని ఎలా దాచాలి? కిందటిసారి చేసింది ఎండాకాలంలో విడిపోయింది.
— బి. హరిత, కర్నూలు

కర్నూలు ఎండకి మేడ మీది గదిలోగానీ, కారు డిక్కీలోగానీ పెడితే గ్లూ గన్ అతుకులు మెత్తబడి విడిపోతాయి, ఫోమ్ అయితే ఆకారమే మారిపోతుంది. కింది గదిలో, గోడకి ఆనకుండా, మంచం కిందో అల్మారాలోనో పెట్టండి. హెల్మెట్ లోపల నలిపిన కాగితాలు కుక్కి, దాని మీద ఏమీ పెట్టకండి. ఛాతీ పలక పడుకోబెట్టకుండా హ్యాంగరుకి వేలాడదీయండి. మెంతిపిండి, చింతగింజల ముద్ద వాడినవాటిలో పురుగు చేరుతుంది, లోపలా బయటా పెయింటు పూర్తిగా కప్పి ఉండేలా చూసుకుని, వానలు తగ్గాక ఒక పూట నీడలో ఆరేయండి. విడిపోయిన అతుకులకి ఈసారి గ్లూ గన్ వద్దు, పాత జిగురు గీకేసి రబ్బరు సొల్యూషన్‌తో అంటించండి.